ఊఁ అంటే ఒప్పుకున్నట్టే

ఆదివారం, నిజాంపట్నం ఉప్పు యార్డు నుంచి

ఈ ట్రిప్పు కూడా ఉప్పే. సముద్రపు నీటిని తీపి చేసే ఫ్యాక్టరీ మంచినీళ్లను గొట్టాల్లో ఊళ్లకు పంపుతుంది, మిగిలిన చేదు ఉప్పును మా బళ్లకు ఎక్కిస్తుంది. కూరలో వేసే ఉప్పు కాదిది, పశువు కూడా నాకదు. దీన్ని బేతూలు దాకా మోసి, బొగ్గు తవ్వేసిన పాత గనుల్లో పూడ్చి రావాలి. సారం పోయిన ఉప్పు ఎందుకు పనికొస్తుందని ప్రభువు అడిగాడు. ఆయన కాలంలో దాన్ని మోయడానికి లీజు మీద బళ్లిచ్చే కంపెనీలు లేవు.

నన్ను డ్రైవరు అంటారు గాని బండి దానంతటదే నడుస్తుంది. రోడ్డు మీద ధ్యాస పెట్టే మనిషి ఒకడు లోపల కూర్చోవాలని చట్టం. ఆ మనిషిని నేను. కంపెనీ నాకు బండిని లీజుకిచ్చి, నా ధ్యాసను నా దగ్గర కొంటోంది. కళ్లు రోడ్డు మీద నుంచి తప్పితే ధ్యాస కోత. దాని వెనక టైర్ల కోత, ఛార్జింగు కోత, ఉప్పు తినేసిన ఇనుముకు రంగు వేసినందుకు కోత. అన్నీ పోయాక కొన్ని వారాలు నేనే కంపెనీకి ఎదురు కట్టాను. లాబాను యాకోబు జీతాన్ని పదిసార్లు మార్చాడని చదివినప్పుడల్లా, పదిసార్లతో ఊరుకున్నాడు, మంచి మామే అనుకుంటాను.

అయినా గట్టు కనిపిస్తోంది. వచ్చే నెల ఒక్క వాయిదా కడితే బండి నాది. సొంత బండి ఉన్నవాళ్లు తమకు నచ్చిన సరుకు మోసుకోవచ్చు.

కెజియా నాకన్నా ముందే గట్టెక్కుతుంది. లైనులో నా వెనక బండి ఆమెది. రెంటచింతల పిల్ల, ముప్పై దాటి ఉంటాయి. ఉప్పు ధూళి ఊపిరితిత్తుల్లో చేరింది. గొంతులో ఎప్పుడూ సన్నగా ఈల వినిపిస్తుంది. ఇంకో ఏడాది ఉప్పు మోస్తే ఊపిరి మిగలదని డాక్టరు చెప్పాడు. ఈ ట్రిప్పు డబ్బుతో ఆఖరి వాయిదా తీరిపోతుంది, ఆ తర్వాత మంచినీళ్ల ట్యాంకరు తగిలించుకుంటుంది. ఈ రోజు యార్డులో ఆ సంగతి చెబుతూ నవ్వి, ఆ నవ్వుకు దగ్గొచ్చి, బండి మెట్టు పట్టుకుని చాలాసేపు నిలబడింది.

నరసరావుపేట దాటాక, బళ్లు వాటంతట అవి పోయే రోడ్డు ఎక్కగానే ఛానల్ తెరిచాను. నాకు గుడి లేదు, పట్టా లేదు, ఏ మిషనూ నన్ను పంపలేదు. వాక్యం నేనే చదువుకున్నాను, అది నన్ను కాల్చింది, అందుకని చెబుతున్నాను. ఉప్పు దారిలో ఉన్న డ్రైవర్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటారు. ఎదురుగా మనుషులు ఉండరు కాబట్టి నాకొక అలవాటు పడింది. ఆమెన్ వద్దంటాను. ఆమెన్ నిద్రలో కూడా నోటికొస్తుంది. ఊఁ కొట్టమంటాను. చిన్నప్పుడు కథ చెప్పే ముసలమ్మకు కొట్టినట్టు కొట్టమంటాను. వింటున్నవాడే ఊఁ అంటాడు. ఎవరి ఊఁ అయినా వినపడకపోతే పేరు పెట్టి పిలిచి నిద్ర లేపుతాను.

ఈ రోజు షిబ్బోలెతు మీద చెప్పాను. యొర్దాను రేవు దాటి పారిపోయేవాళ్లను ఆ మాట పలకమన్నారు, ఒక్క అక్షరం నోరు తిరగనందుకు వేలమంది తలలు పోయాయి. మనిషి నోట్లో నుంచి వచ్చే శబ్దాన్ని పట్టుకుని మనిషిని కొలిచే న్యాయస్థానం నరకానికి వాకిలి అని నిప్పులు కురిపించాను. మంచి ఊఁలు పడ్డాయి. కెజియా ఊఁ అన్నిటికన్నా పొడుగ్గా, చివర ఈలతో వచ్చింది.

మంగళవారం, వరంగల్ స్టాండు

మస్తాన్ వలి పొట్లం విప్పి నా ముందు పెట్టాడు. పులిహోర. వినుకొండ మనిషి, నాకన్నా పాత డ్రైవరు. ఆదివారం ఆదివారం నా ప్రసంగం వింటాడు. ఎందుకు వింటావని అడిగితే, మీ ఛానల్ తప్ప మిగతావన్నీ టైర్ల ప్రకటనలే సామీ, అల్లా అర్థం చేసుకుంటాడు అంటాడు.

ఈ రోజు నవ్వులు లేవు. అతని లీజు మళ్లీ పెరిగింది. పోయిన ఏడాది రెండేళ్లు పెరిగింది, ఇప్పుడు ఇంకో రెండు. తాను ఎప్పుడు ఒప్పుకున్నాడో అతనికి గుర్తులేదు. వదిన చదివింది, నువ్వు ఒప్పుకున్నావు అని ఆఫీసు వాళ్లు అంటున్నారట.

వదిన అంటే బండిలో మాట్లాడే గొంతు. రోజంతా ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుంది గనక డ్రైవర్లు ఆ పేరు పెట్టారు. టైర్లలో గాలి, ముందున్న ఎండ, కంపెనీ ప్రకటనలు, లీజు సవరణలు. లీజులో ఏది మార్చినా డ్రైవరుకు అతని భాషలో చదివి వినిపించి, అతని నోటితో ఒప్పుదల తీసుకోవాలని చట్టం ఉంది. చదువు లేనివాణ్ణి కాగితంతో ముంచకూడదని ఎవరో పెద్దమనుషులు మంచికే రాయించారు. బిలాము ఎక్కిన గాడిదకు దేవుడు నోరిచ్చాడు, అది యజమానిని చావు నుంచి తప్పించింది. మా గాడిదకు కంపెనీ నోరిచ్చింది.

నా లీజు ఒక్క నెల కూడా పెరగలేదని మస్తాన్ వలికి తెలుసు. చేతులు కడుక్కుంటూ అన్నాడు: "మీకు పైన పలుకుబడి ఉందో, కంపెనీలో ఉందో తెలియట్లా సామీ. ఏదున్నా మాక్కూడా కాస్త చెప్పండి."

సరదాకే అన్నాడు. కానీ లేచి వెళ్లేటప్పుడు నా వైపు చూడలేదు.

గురువారం, బేతూలు గనుల దగ్గర

ఉప్పు దించాం. గని నోట్లోకి బండి వెనక్కి పోతుంటే తెల్లటి ధూళి లేచి అద్దాల మీద పేరుకుంటుంది. తుడవడానికి మనిషే దిగాలి. కెజియా అద్దం కూడా నేనే తుడిచాను. ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నా నాకే కళ్లు మండాయి. ఆమె క్యాబిన్‌లో తలుపు బిగించుకుని కూర్చుంది.

ఆమె దిగి వచ్చేసరికి ముఖం మారిపోయి ఉంది. ట్రిప్పు డబ్బు పడగానే వాయిదా కట్టేసిందట. బండి పేరు మార్చమని అడిగితే, లీజు ఇంకా నాలుగేళ్లు ఉందని వదిన చెప్పిందట. నేను ఒప్పుకోలేదు అంటే, ఆమె ఒప్పుదలను ఆమెకే వినిపించిందట.

నన్ను క్యాబిన్‌లోకి పిలిచి మళ్లీ పెట్టించింది. ముందు వదిన గొంతు, తొందరలేని మర్యాద గొంతు. వాహనం అరుగుదల దృష్ట్యా లీజు కాలాన్ని పొడిగించడమైనది, తమకు సమ్మతమేనా. తర్వాత కెజియా గొంతు.

"ఊఁ."

చివర ఈల ఉంది. ఆమెదే. అనుమానం లేదు.

"నా గొంతే అయ్యగారూ," అంది కెజియా. "నేను ఎప్పుడన్నానో నాకే తెలియట్లా. పిచ్చిదాన్ని అయిపోతన్నానా?"

ప్రార్థన చేశాను. ఇలాంటప్పుడు ప్రార్థన తొందరగా నోటికొస్తుంది. అది దేవుడికి ఎంత, తప్పించుకోవడానికి ఎంత అనేది ఆ క్షణాన ఆలోచించలేదు.

శనివారం, చాందా లీజు ఆఫీసు

తిరుగు దారిలో ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. కిటికీ అవతల కూర్చున్న అమ్మాయి పేరు శ్వేతాంబరి. చెడ్డదేం కాదు. కెజియాకు కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇచ్చింది. కంపెనీ దగ్గరున్న శబ్దం మొత్తం, ముందూ వెనకా కలిపి వినిపించింది. మధ్యాహ్నం ఎండకు ఫ్యాను గాలి కూడా వేడిగా వస్తోంది. నేను కళ్లు మూసుకుని విన్నాను.

వదిన చదువుతోంది. కెజియా ఊఁ. కాసేపు నిశ్శబ్దం. వదిన టైర్ల గురించి ఏదో అంటుంది. కెజియా ఊఁ. మళ్లీ ఎడం. ఊఁ. తర్వాత రెండు ఊఁలు దగ్గర దగ్గరగా. తర్వాత చాలా పెద్ద ఎడం, దాని చివర ఒక పొడుగాటి ఊఁ.

ఆ ఎడాలు నాకు తెలుసు.

ఆదివారం షిబ్బోలెతు ప్రసంగంలో నేను ఆగిన ఎడాలవి. రేవు దగ్గరికి పారిపోయేవాళ్లు వచ్చారు అని చెప్పి ఆగుతాను. మాట పలకమన్నారు అని ఆగుతాను. పలకలేకపోయాడు, పట్టుకున్నారు, ఇవి వెంటవెంటనే. తర్వాత గొంతు తగ్గించి లెక్క చెబుతాను, ఎంతమంది పడ్డారో. అక్కడ పెద్ద ఎడం ఇస్తాను, ఊఁ వచ్చేదాకా నోరు తెరవను. ఆ ఊఁ నా కోసం వచ్చింది. ఇయర్‌ఫోన్‌లో నేను చెబుతున్నాను, క్యాబిన్‌లో వదిన చదువుతోంది, ఆమె నాకు ఊఁ కొట్టింది, వదిన రాసుకుంది. వదిన చెవికి ఇయర్‌ఫోన్‌లో మాట వినపడదు. తెలుగువాళ్లు ఊఁ అంటే ఒప్పుకున్నట్టే అని దానికి నేర్పారు. వింటున్నాను అనడానికి కూడా మనం ఊఁ అంటామని నేర్పినవాడు లేడు.

నా లీజు ఎందుకు పెరగలేదో అప్పుడు అర్థమైంది. చెప్పేవాడు ఊఁ కొట్టడు.

శ్వేతాంబరిని అడిగాను, ఈ ఊఁ వేరే మాటకు అన్నదని రుజువు చేస్తే? ఆమె రూలు చూసి చెప్పింది. ఆ వేరే మాట ఎవరు అన్నారో వాళ్ల బండిలోని రికార్డు కావాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు, ఎడాలు సరిపోతే పొడిగింపు కొట్టేస్తారు. అయితే బండి నడుస్తుండగా సభ నడిపినట్టు ఆ మనిషి ఒప్పుకోవాలి. రోడ్డు సంగతులు మాట్లాడుకోవచ్చు, సభ నడపకూడదు, ధ్యాస అమ్ముకున్నవాడు దాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు. ఒప్పుకున్నవాడి లీజు రద్దు. కట్టింది తిరిగి రాదు.

"మీకు ఆ మనిషి తెలుసా అండీ?" అని అడిగింది.

దావీదు ముందు నిలబడిన ప్రవక్త, ఆ మనిషివి నువ్వే అని వేలు చూపించాడు. ఇక్కడ వేలు చూపించేవాళ్లు లేరు. విచారిస్తాను అని చెప్పి బయటికి వచ్చాను.

ఆదివారం, సూర్యాపేట దాటాక

ఛానల్ తెరవలేదు. దగ్గు పట్టిందని చెప్పాను. కెజియా ఆ ఛానల్‌లోనే ఉంది. దగ్గంటే ఏమిటో ఆమె దగ్గర అబద్ధమాడాను.

దేవుడు పంపిన చోటికి పోకుండా పారిపోతూ యోనా ఓడ అడుగున పడుకుని నిద్రపోయాడు. పైన తుఫాను, నావికులు సరుకంతా సముద్రంలో పారేస్తున్నారు. వాళ్లు ఏ పాపం ఎరుగరు. ఈ భాగం మీద ఎన్నిసార్లు ప్రసంగించానో. యోనాను ఎంత తిట్టానో. ఓడ అడుగు ఇంత చల్లగా, ఇంత మెత్తగా ఉంటుందని నాకప్పుడు తెలియదు. ఒక్క వాయిదా. ఈ బండి ఇనుము మీద నా జీవితం రాలిపోయింది. నా భార్య పోయినప్పుడు కూడా ఇటార్సీ దగ్గర ఉప్పుతో ఉన్నాను. ఆఖరి వాయిదా కట్టాక మొదటి ట్రిప్పు ఖాళీ బండితో, ఏ సరుకూ లేకుండా, ఊరికే పోవాలని అనుకునేవాణ్ణి.

సాయంత్రం స్టాండులో మస్తాన్ వలికి చెప్పేశాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే పగిలిపోయేలా ఉన్నాను. అతను టీ గ్లాసు తిప్పుతూ విన్నాడు.

"అంటే మీరు మమ్మల్ని నిద్ర లేపి మరీ సంతకాలు పెట్టించారన్నమాట," అన్నాడు.

నేను నా టీకి డబ్బులు బల్ల మీద పెట్టాను.

"పేరు పెట్టి పిలిచేవారు గదా సామీ. మస్తానూ, ఊఁ ఏదీ అని." ఇంతలో నవ్వాడు. కోపంగా నవ్వాడో, నిజంగా నవ్వొచ్చిందో తెలియలేదు. "నా నాలుగేళ్లు నేను ఈడుస్తాలే. నాకేం, గుండ్రాయిలా ఉన్నా. ఆ పిల్ల ఈడ్చలేదు."

సోమవారం, అదే స్టాండు

కెజియా తానే వచ్చింది. మస్తాన్ వలి చెప్పాడని ఆమె అనలేదు, నేను అడగలేదు. నా బండి నీడలో కూర్చుంది. ఏడుస్తుందని, బతిమాలుతుందని, తిడుతుందని మూడింటికీ జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను. వాక్యాలతో సహా.

"మీ బండి పోద్దంట గదా," అంది.

"పోతుంది."

"నేను అడగనులే అయ్యగారూ. మీరూ ముసలోళ్లు అయిపోయారు, ఇంకో బండి ఎవురిస్తారు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఒకటే మాట. ఆ రోజు నేను ఊఁ అన్నది మీరు చెప్పిన దేవుడి మాటకి. నాకు బాగా తెలుసు, మనసులోంచి అన్నా. అది మీరు చెప్పకపోతే, నేను కంపెనీకే అన్నట్టు రాతలో మిగిలిపోద్ది."

అంతే. లేచి చీర దులుపుకుని వెళ్లిపోయింది.

సిద్ధం చేసుకున్న వాక్యాలన్నీ మూసిపెట్టాను. నలభై ఏళ్లుగా మనుషుల చేత దేవుడికి ఊఁ కొట్టించాను. అవన్నీ ఎవరి లెక్కలో పడ్డాయో మొన్నటిదాకా చూడలేదు. ఇప్పుడు చూశాను. చూసి కూడా ఊరుకుంటే, ఇక రేపు ఏ నోటితో ఛానల్ తెరుస్తాను, ఎవరికి ఏం చెబుతాను. యోనా చేసిన మంచిపని ఒక్కటే. లేచి పైకి వచ్చి, ఈ తుఫాను నా వల్లే, నన్నెత్తి పారేయండి అన్నాడు. ఉత్సాహంగా అని ఉండడు. అలసిపోయి అని ఉంటాడు.

గురువారం, చాందా

ఖాళీ బండిని వెనక్కి తిప్పాను. దారి తప్పినందుకు వదిన కోత వేసింది. వేసుకోనీ.

ఆ మనిషిని నేనే అని శ్వేతాంబరికి చెప్పాను. నా బండి రికార్డు తెప్పించి, కెజియా రికార్డు పక్కన పెట్టింది. నా ప్రసంగం నేను బయటినుంచి వినడం అదే మొదటిసారి. అంత అరుస్తానని తెలియదు. ఆగిన ప్రతి చోటా కెజియా ఊఁ వచ్చి తాళం వేసినట్టు కూర్చుంది. చివరి పెద్ద ఎడం వచ్చినప్పుడు శ్వేతాంబరి కూడా ఊపిరి బిగబట్టింది. ఆ ఊఁ వచ్చాక గాని కదల్లేదు.

ఛానల్‌లో ఉన్న అందరివీ తీయమన్నాను. సాయంత్రం దాకా పట్టింది. మస్తాన్ వలివి రెండు పొడిగింపులూ కొట్టేశారు. చాలామందివి పోయాయి. కొందరివి ఎడాలు సరిపోలేదు, వాళ్లవి నిలబడ్డాయి. మంచిర్యాల కుర్రాడు ఒకడు నేను చెబుతున్నంతసేపూ నిద్రపోయాడు. వదిన అతని గురకను ఊఁ అనుకుని ఒప్పుదల రాసుకుంది. నా ప్రసంగానికీ ఆ గురకకూ సంబంధం లేదని తేలింది, అతనికి నేను సాయపడలేకపోయాను. శ్వేతాంబరి గురక గురించి వేరే అర్జీ రాయిస్తానంది. నవ్వాపుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత.

తర్వాత నా వంతు. ఆఫీసులో కూడా వదిన గొంతే. లీజుదారు సభ నడిపినట్టు అంగీకరించినందున వాహనం కంపెనీకి స్వాధీనమగును, చెల్లించిన వాయిదాలపై హక్కు ఉండదు, తమకు సమ్మతమేనా. ఒక్కొక్క ముక్కా మళ్లీ చదివించుకున్నాను. అర్థం కానందుకు కాదు. లీజు చదువుతుంటే మనసు పెట్టి వినడం నాకు అలవాటు లేదు, ఒక్కసారైనా వినాలనిపించింది.

"విన్నాను. అర్థమైంది. నేను, ఎలీషా, ఒప్పుకుంటున్నాను," అని నిండుగా చెప్పాను.

తాళం బల్ల మీద పెట్టాను. పరుపు, ప్లాస్కు, వాక్యగ్రంథం, కళ్లజోడు. బండిలో నా సొంతం అంతే. సంచిలో పట్టింది.

బుధవారం, నిజాంపట్నం

మస్తాన్ వలి నన్ను ఒడ్డు దాకా ఎక్కించుకొచ్చాడు. దింపేటప్పుడు, ఈసారి ఊఁ అనకుండా తల ఊపుతాం, మీకు కనపడదు, అయినా ఊపుతాం అన్నాడు.

కెజియా మంచినీళ్ల ట్యాంకరు తగిలించుకుంది. బండి పక్కన ఆమె పేరు కొత్త రంగుతో రాసి ఉంది, ఇంకా తడి ఆరలేదు. మాచర్ల అవతల తండాలకు నీళ్లు తోలే పని కుదిరింది. ఒక్కతే అంత దూరం కూర్చోలేదు, ఊపిరి ఆడనప్పుడు పడుకోవాలి. ధ్యాస పెట్టే మనిషి కావాలంది. ట్రిప్పుకు ఇంత అని చెప్పింది. తక్కువే. ఆమె దగ్గర ఉన్నదాన్ని బట్టి అది ఎక్కువ.

"ఒక షరతు అయ్యగారూ," అంది. "బండి నడిచేటప్పుడు ప్రసంగం వద్దు. కంపెనీకి భయపడి కాదు. నాకు కాస్త నిద్ర కావాల."

నలభై ఏళ్లలో నన్ను ఎవరూ ఊరుకోమనలేదు. లేదా అన్నారేమో, వినలేదు. సరే అన్నాను.

ఆదివారం, మాచర్ల దారి

ఎండ ఇంకా ఎక్కలేదు. తండాల దారిలో బండి దానంతటదే పోదు, స్టీరింగు నా చేతుల్లోనే ఉంది. వెనక బల్ల మీద కెజియా పడుకుంది. ఈల ఉంది, కానీ ముందున్నంత పదును లేదు. సన్నగా తీగ సాగి, ఆగి, మళ్లీ సాగుతోంది. ట్యాంకరులో నీళ్లు మలుపుల దగ్గర కదిలినప్పుడు బండి ఒళ్లు విరుచుకున్నట్టు ఊగుతుంది. ఉప్పు ఇలా ఊగేది కాదు.

బండ మధ్య నుంచి నీళ్లు రప్పించిన కథ నోట్లో రాజుకుంది. మోషే కర్ర ఎత్తిన చోటు, జనం గొణిగిన చోటు, మోషే కోపం అణచుకోలేక రెండుసార్లు కొట్టిన చోటు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు ఎత్తాలో అన్నీ వరసగా వచ్చి నాలుక మీద నిలబడ్డాయి. నోరు తెరిచాను కూడా.

వెనక ఈల ఒక్క క్షణం ఆగింది.

నోరు మూసుకుని, మలుపు దగ్గర బండి వేగం తగ్గించాను. కాసేపటికి ఈల మళ్లీ మొదలైంది.